వేటగాని కత్తీ, పండితుల అవతారాలూ

"మేస్టారూ, అది పంది కాదండి. పందైతే నెమరెయ్యదు కదండీ!"

ధూర్జటి తిన్నని కథ చెబుతున్నాను ఆ రోజు తరగతిలో. అడవి జంతువుల పేర్లు ఏకరువు పెడుతూ, పేరులో పంది ఉన్నది కదా అని కురుపందిని కూడా పందుల జాబితాలో చేర్చాను. వెనక వరుసలోంచి పాడేరు ప్రాంతపు గిరిజన విద్యార్థి లేచి నన్ను దిద్దాడు. వాని తాత పడుచుతనంలో వేటగాడట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేయకముందు, చైత్రంలో ఇటుకల పండుగకు ఊరి మగవాళ్లంతా కొండెక్కి వేటాడేవారు. ఉత్తచేతులతో తిరిగి వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కొట్టి పరిహాసం చేసేవారు. ఆ తాత మనుమణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పిన కబుర్లే ఆ కుర్రవాని జంతుశాస్త్రం.

"కొమ్ములుండవండి. మగదానికి పైదవడలోంచి కోరలు దిగుతాయి, పందికున్నట్టు. కాలికి నాలుగేసి వేళ్లు, అదీ పందికున్నట్టే. కాని పైన ముందు పళ్లుండవు, దుప్పికి లేనట్టే. పొట్ట కోస్తే గదులు గదులుగా ఉంటది. అందుకే మా తాత అనేవోడు, ఇది పందికీ దుప్పికీ మధ్యన ఆగిపోయిన జంతువని."

తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎం. ఏ. లో ఎన్ని ప్రబంధాలు చదివాను, ఎన్ని వేట వర్ణనలకు ప్రతిపదార్థం చెప్పాను! ఒక్క జంతువు నోరు తెరిచి చూసిన పాపాన పోలేదు.

మన కావ్యాలలో వేటకు కొదవ లేదు. మనుచరిత్రలో స్వరోచి వేటాడతాడు. రాజు బాణం వేస్తాడు, మృగం కూలుతుంది, కవి మరో వర్ణనకు పోతాడు. కాని వేటగానికి అసలు పని అక్కడే మొదలు. తోలు ఒలవాలి. కీలు ఎక్కడున్నదో వేలితో తడిమి అక్కడే కత్తి పెట్టాలి. ఎముక మీద పెడితే కత్తి మొండిపోతుంది. మేకనైతే కార్జానికి అంటుకుని ఉన్న చేదుతిత్తి పగలకుండా తీయాలి. దుప్పికైతే ఆ తిత్తే ఉండదు. చివరకు పోగులు వేసి ఊరందరికీ వాటాలు పంచాలి. వేటాడిన మాంసాన్ని కోసి, కాల్చి, రుచి చూసి, మంచి ముక్కలు ఏరి దేవునికి పెట్టిన తిన్నడు మన సాహిత్యంలో ఈ పని తెలిసిన అరుదైన నాయకుడు. కవులు చూడని ఆ పనిలోనే ఒక శాస్త్రానికి పునాది ఉన్నది. ఒక జంతువు కాలిని మరొక జంతువు కాలితో, ఒక దవడను మరొక దవడతో పోల్చి చూడడం, ఏది దేనికి చుట్టమో ఊహించడం! దీనినే శరీరనిర్మాణ తులనాశాస్త్రమని విశ్వవిద్యాలయాలలో చెబుతారు.

ఇది జరిగిన పదిరోజులకు ఒక విద్యాసంస్థలో సభ. పేరు అనవసరం. ముఖ్యవక్త మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం అని వేళ్లు మడిచి లెక్కపెట్టి, పరిణామ సిద్ధాంతాన్ని మన పూర్వులు డార్విన్ కంటే ఎన్నో వేల ఏండ్ల ముందే కనుగొన్నారని చప్పట్లు కొట్టించుకున్నాడు. వందన సమర్పణ నా వంతు. "విజ్ఞానదాయకమైన ప్రసంగం" అన్నాను. అవును, నేనే అన్నాను. బయట గేటు దగ్గర ఆ కుర్రవాడు నిలబడి ఉన్నాడు.

"మేస్టారూ, వరాహానికి నరసింహం ఏమవుద్దండీ? కొడుకా, మనవడా?"

జవాబు చెప్పలేక బస్సు వచ్చిందన్న సాకుతో తప్పుకున్నాను. ఆనాడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

* * *

ఆ వక్త ఒంటరివాడు కాడు. అతని వెనుక పెద్ద గద్దెలే ఉన్నాయి. 2018 జనవరిలో కేంద్ర మంత్రి ఒకరు డార్విన్ సిద్ధాంతం తప్పన్నారు. కోతి మనిషిగా మారడం మన పూర్వులెవరూ చూడలేదు, చెప్పలేదు, కనుక పాఠ్యపుస్తకాలలో దానిని మార్చాలన్నారు. మరుసటి ఏడు, 2019 జనవరిలో, జలంధర్‌లో జరిగిన 106వ భారత సైన్స్ కాంగ్రెస్‌లో మన విశాఖ నుంచే, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచే వెళ్లిన అప్పటి ఉపకులపతి, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులని, దశావతార సిద్ధాంతం డార్విన్ సిద్ధాంతం కంటే మెరుగైనదని సెలవిచ్చారు. సైన్స్ కాంగ్రెస్ సంఘమే ఆ మాటలతో తనకు సంబంధం లేదని చెప్పుకోవలసి వచ్చింది. ఇక 2023 నాటికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి సైన్సు పుస్తకంలో "అనువంశికత, పరిణామం" అన్న పాఠం "అనువంశికత"గా మిగిలింది. పరిణామం ఎగిరిపోయింది. పిల్లల మీద భారం తగ్గించడానికట! 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేసి నిరసించారు. పన్నెండవ తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉన్నదిగా అంటారు ఏలినవారి వకీళ్లు. పదితో చదువు ఆగిపోయే పిల్ల మాటేమిటి? పదకొండులో లెక్కలో, వాణిజ్యమో తీసుకునే పిల్లవాని మాటేమిటి? తాను ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసుకోకుండానే వాడు పౌరుడవుతాడు.

ఇవి పిచ్చిమాటలు, నవ్వి ఊరుకుందామంటారు నా మిత్రులు కొందరు. పిచ్చిమాటలు వేదిక ఎక్కడం ఒక దశ, పాఠ్యపుస్తకంలోకి కత్తెర రావడం మరొక దశ. నాలుగైదేండ్లలో మొదటి దశ నుంచి రెండవ దశకు వచ్చాము. ఇంకా నవ్వుతూ కూర్చుందామా?

* * *

అవతారం అంటే ఏమిటి? ఇది నా శాస్త్రానికి సంబంధించిన ప్రశ్న గనుక ధైర్యంగా చెబుతాను. అవతరించడమంటే దిగిరావడం. పైనున్నవాడు పనిబడి కిందికి దిగుతాడు, పని కాగానే వెళ్లిపోతాడు. మత్స్యం కూర్మాన్ని కనలేదు. కూర్మం వంశాన వరాహం పుట్టలేదు. పరశురాముడూ దశరథరాముడూ ముఖాముఖి ఎదురుపడ్డారే, అందులో ఎవరు ఎవరి నుంచి పరిణమించినట్టు? ఈ రూపాల మధ్య పుట్టుక సంబంధం లేదు. ఉన్నదల్లా ఒకే దేవుడు వేసిన వేషాలు.

పరిణామం సరిగ్గా దీనికి తలకిందులు. అందులో దిగివచ్చేవాడు లేడు. తల్లి కడుపున పిల్ల, పిల్ల కడుపున మరో పిల్ల, ప్రతి కాన్పులో కొద్దిపాటి తేడాలు, ఆ తేడాలలో పరిసరాలకు నెగ్గుకురాగలిగినవి మిగలడం, కోట్ల ఏండ్లు. దాని సారం బంధుత్వం. "వరాహానికి నరసింహం ఏమవుద్ది?" అని అడిగిన కుర్రవాడు దశావతార వాదం గుండె మీదనే వేలు పెట్టాడు. ఆ వాదంలో ఎవరికి ఎవరూ ఏమీ కారు.

నేను పురాణాలకు విరోధిని కాను. వాటిని చెప్పుకునే బతుకుతున్నాను. పురాణం పురాణంగా మహాసౌధం. దానిని తెచ్చి ప్రయోగశాలకు పాకగా వేస్తామనేవారే దానిని అవమానిస్తున్నారు.

హాల్డేన్ అంతటివాడే అవతారాల వరుసను వెన్నెముక జంతువుల పరిణామంతో పోల్చాడు కదా అని ఆ సభలోని వక్త గద్దించాడు. పోల్చాడు. పోలిక వేరు, సిద్ధాంతం వేరు. చంద్రబింబం వంటి ముఖం అన్న కవిని పట్టుకుని, మావాళ్లు చంద్రమండలానికి ఆనాడే వెళ్లి వచ్చారని ఎవరైనా అంటే ఏమంటాము? ఉపమాలంకారం అంటే ఏమిటో తెలియదంటాము. హాల్డేన్ వరకు మళ్లీ వస్తాను.

* * *

ఇప్పుడు ఆ తాత మాటను పరీక్షకు పెడదాము. శ్రమజీవి చెప్పాడు గనుక అంతా ఒప్పు అనడం కూడా ఒక రకం భక్తే.

అడవిపంది, కురుపంది, కొండగొర్రె, దుప్పి. ఈ నాలుగు పుర్రెలనూ ఊహలో వరుసగా పెట్టండి. పందికి పైన ముందు పళ్లున్నాయి, కోరలున్నాయి, కొమ్ముల్లేవు, నెమరు లేదు. మూడు కిలోల బరువుండే కురుపందికి ముందు పళ్లు లేవు, కోరలున్నాయి, కొమ్ముల్లేవు, నెమరు ఉన్నది. అయితే దాని పొట్టలో దుప్పికున్నట్టు నాలుగు గదులూ పూర్తిగా ఏర్పడలేదు. మగ కొండగొర్రెకు చిన్న కోరలూ ఉన్నాయి, చిన్న కొమ్ములూ ఉన్నాయి. దుప్పికి ఏటేటా రాలి మళ్లీ మొలిచే పెద్ద కొమ్ములున్నాయి, కోరలు లేవు. కోర తగ్గుతున్నకొద్దీ కొమ్ము పెరిగింది! ఈ వరుస కత్తి పట్టిన ప్రతి వేటగాని కంటి ముందూ ఉన్నది.

తాత చూసింది సత్యం. ఆయన చెప్పిన కారణంలో మాత్రం ఒక దిద్దుబాటు అవసరం. కురుపంది మధ్యలో "ఆగిపోలేదు". పంది దానికి తాత కాదు, దుప్పి దానికి మనుమడు కాదు. మూడూ దాయాదులు. నెమరు వేసే జంతువుల వంశవృక్షంలో అందరికంటే ముందు చీలిన కొమ్మ కురుపందిది. అందుకే పాత పోలికలు దానిలో ఎక్కువగా నిలిచాయి. వేటగాడు పోలికను పట్టాడు, కాలాన్ని పట్టలేకపోయాడు. కాలాన్ని పట్టడానికి రాతిపొరలు కావాలి, శిలాజాలు కావాలి, దేశదేశాల మ్యూజియాలు కావాలి. అవి అతనికి ఎవరు అందనిచ్చారు?

కాలాన్ని పట్టినవారు ఏమి కనుగొన్నారో వినండి. పంది, మేక, దుప్పి చీలమండలలో ఒక చిన్న ఎముక ఉంటుంది. పైనా కిందా రెండు కప్పీలు చెక్కినట్టుంటుంది. జోడుగిట్టల జంతువులకు తప్ప మరే సజీవ జంతువుకూ అలాంటి ఎముక లేదు. 2001లో పాకిస్తాన్ శిలాజాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు కాళ్లున్న ఆదికాలపు తిమింగలాలకు సరిగ్గా అదే ఎముక ఉన్నట్టు ప్రకటించారు. మరొక కథ మన దేశంలోనిదే. జమ్మూ కాశ్మీరంలోని కాలాకోట్ ప్రాంతంలో రంగారావు అనే భారతీయ భూగర్భ శాస్త్రవేత్త సేకరించిన రాళ్లలో చిన్న గిట్టల జంతువు ఎముకలున్నాయి. దానికి 1971లో ఆయన ఇండోహయస్ అని పేరు పెట్టాడు. పేరుకు భారతదేశపు పంది అని అర్థం. మళ్లీ పందే! ఆయన పోయిన తరువాత ఆయన భార్య ఆ రాళ్లను తెవిసెన్ అనే శాస్త్రజ్ఞునికి అప్పగించింది. ఆయన ప్రయోగశాలలో ఒక పుర్రె పొరపాటున విరిగింది. విరిగినచోట చెవి ఎముక గోడ మందంగా కనిపించింది. ఆ మందం తిమింగలాల గుర్తు. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏండ్ల నాటి ఆ జంతువు చూడడానికి కురుపందిలా ఉండేదని, నీటిలో తిరిగేదని 2007లో లోకానికి తెలిసింది. తిమింగలం చేప కాదు. ఈనాడు బతికి ఉన్నవాటిలో దాని దగ్గరి చుట్టం నీటిగుర్రం; దూరపు చుట్టాలు మన దుప్పి, కురుపంది, పంది.

మన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నిలబడి చూడండి. ఒకవైపు తూర్పు కనుమలు, ఒకవైపు బంగాళాఖాతం. కొండమీది గిరిజనుడు కోసిన జంతువుకూ, మన జాలరి పడవ పక్కన ఊపిరి కోసం నీటిపైకి తేలే జంతువుకూ చుట్టరికం ఉన్నది. తిమింగలం తెడ్డులో చూడండి: భుజం నుంచి ఒక ఎముక, తరువాత రెండు, తరువాత మణికట్టు గులకలు, ఆపైన వేళ్లు. మన చేతిలోనూ అంతే. గబ్బిలం రెక్కలోనూ అంతే. అవతారవాదులు కొంచెం ఆలోచించాలి. వారి వరుసలో మత్స్యం ముందు, వరాహం తరువాత. ఇక్కడ వరాహం దాయాదులలో ఒక శాఖ తిరిగి సముద్రంలోకి దిగి మత్స్యాకారం దాల్చింది! ప్రకృతి వారి వరుసను పాటించలేదు.

* * *

ఈ శాస్త్రం పరాయిది, తెల్లవాళ్లు మన మీద రుద్దినదంటారు. చరిత్ర అంత సులభంగా లేదు. డార్విన్‌కు అండగా నిలిచిన హక్స్‌లీయే మన కర్నూలు గుహలను తవ్వి చూడమని మద్రాసు గవర్నరుకు సూచించాడు. ఆ సూచన మీద 1884-85లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు బేతంచెర్ల దగ్గరి బిళ్ల సుర్గం గుహలను తవ్వించారు. ఇప్పుడు ఆ సీమలో ఎక్కడా లేని ఖడ్గమృగం ఎముకలు సహా ఎన్నో బయటపడ్డాయి. తెలుగునేల ఎముకలు ఈ శాస్త్రానికి సాక్ష్యం చెప్పి నూట నలభై ఏండ్లవుతున్నది. అవి పరాయివా?

తెల్లదొరలు పుర్రెలను దుర్వినియోగం చేసిన మాట మాత్రం నిజం. దాన్ని దాచడం మన పక్షానికి శోభ కాదు. 1901 జనాభా లెక్కలకు అధిపతి అయిన రిస్లీ, ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత తక్కువదని సిద్ధాంతీకరించాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ కొలపరికరాలు పట్టుకుని మన జనం తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. వేటగాడు జంతువుల పుర్రెలు పోల్చాడు. సామ్రాజ్యం ఆ వేటగాని పుర్రెనే పోల్చడానికి పూనుకున్నది. ఒకరు బంధుత్వం వెతికారు, మరొకరు అంతస్తు వెతికారు. ఎముక ఒక్కటే, అడిగిన ప్రశ్న వేరు.

ఆ తప్పును ఎవరు సరిదిద్దారు? అవతారాలు చెప్పినవారా? కాదు. లెక్కవేసినవారు. 1933లో మహలనోబిస్ రిస్లీ కొలతలను మళ్లీ తిరగేసి లోపాలు బయటపెట్టాడు. ఇదే విశాఖలో, ఇదే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావును ఆయన కేంబ్రిడ్జికి పంపాడు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పురాతన మానవుల ఎముకల కొలతలను రావు అక్కడ 1946 నుంచి విశ్లేషించాడు. ఎన్నో కొలతలను ఒకేసారి తూచి జనసమూహాల దూరాలను తేల్చే పద్ధతులు ఆ కృషిలో పదునెక్కాయి. ఒక్క ముక్కు పట్టుకుని కులం చెప్పే విద్యకు కాలం చెల్లింది. 1972లో లెవాంటిన్ అనే జీవశాస్త్రజ్ఞుడు, మన పక్షం మనిషే, మానవులలోని జన్యుభేదంలో సుమారు 85 శాతం ఒకే జనసమూహం లోపలే ఉన్నదని చూపించాడు. సామ్రాజ్యవాదుల కుహనాశాస్త్రాన్ని ఓడించింది అసలు శాస్త్రం. ఒకే విశ్వవిద్యాలయం ఒక తరంలో సి.ఆర్. రావును ఇచ్చింది, మరొక తరంలో టెస్ట్‌ట్యూబ్ కౌరవులను ఇచ్చింది. మనం దేనికి వారసులం?

* * *

ఇక మన పక్షం సంగతి. ఇతరులను విమర్శించేవాడు తన ఇల్లు చూసుకోవాలి. సోవియట్ యూనియన్‌లో లైసెంకో పేరు మీద 1948లో జన్యుశాస్త్రాన్ని నిషేధించినప్పుడు మనలో ఎందరో చప్పట్లు కొట్టారు. అంతకు ముందే, 1943లో, వావిలోవ్ వంటి మహాశాస్త్రజ్ఞుడు జైలులో చనిపోయాడు. పార్టీ తీర్మానంతో గోధుమ గింజ స్వభావం మారదు. మంత్రి ప్రకటనతో పుర్రె ఆకారం మారదు. కత్తెర ఎవరి చేతిలో ఉన్నా కత్తెరే. ఈ మాట ఒప్పుకున్నప్పుడే ఎన్.సి.ఇ.ఆర్.టి. కత్తెరను ఎదిరించే నైతికబలం మనకు వస్తుంది.

హాల్డేన్ దగ్గరకు వస్తానన్నాను. ఆయన కమ్యూనిస్టు; లైసెంకో వ్యవహారంలో తానూ ఇరుక్కుని నలిగినవాడు. 1957లో ఇంగ్లండు విడిచి మన దేశానికి వచ్చాడు, ఇక్కడి పౌరుడయ్యాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. పరిణామ సిద్ధాంతానికి గణితపు వెన్నెముక కట్టినవారిలో ఒకడు తన వెన్నెముకనే తెలుగు విద్యార్థులకు పాఠంగా ఇచ్చాడు. ఆయన పేరు చెప్పి అవతారాలు అమ్ముకునేవారు ఒకసారి కాకినాడ వెళ్లి రావాలి.

ఎంగెల్స్ 1876లో రాసిన అసంపూర్ణ వ్యాసంలో, కోతి మనిషిగా మారడంలో శ్రమ నిర్వహించిన పాత్రను ప్రస్తావించాడు. మనలో చాలామందికి అది కంఠస్థం. కంఠస్థమై ఏం లాభం? శ్రమ చేసిన చేతి జ్ఞానం మన తరగతిలో వెనక వరుసలో కూర్చుని ఉంటే, ముందు వరుసలోని అజ్ఞానానికి మనం వందన సమర్పణ చేస్తున్నాము. పాఠం తీసేశారు కదా, పరీక్షకు రాదు కదా అంటున్న ఉపాధ్యాయ మిత్రులను అడుగుతున్నాను: పరీక్షకు రాని సత్యాన్ని చెప్పడానికి మనకు ఎవరి అనుమతి కావాలి?

పెద్ద పరికరాలు అక్కరలేదు. మాంసం కొట్టులో మేకతల, పందిదవడ దొరుకుతాయి. ఉడికించి, సున్నపునీటిలో కడిగి బల్ల మీద పెట్టండి. ముందు పళ్లు ఎక్కడ ఉన్నాయో, ఎక్కడ లేవో పిల్లలనే చెప్పమనండి. చీలమండలోని కప్పీ ఎముకను చేతికివ్వండి. వలవేసేవాళ్ల పిల్లలను, మాంసం కొట్టేవాళ్ల పిల్లలను, కొండమీది పిల్లలను ముందు వరుసలోకి పిలవండి. ఆ రోజు వాళ్లే మేస్టర్లు. తెలుగు మేస్టరుకు ఇదేం పని అంటారా? "అవతారం" అన్న మాటకు అర్థం చెప్పవలసినవాడు తెలుగు మేస్టరే.

ఆ కుర్రవానికి నా జవాబు ఇది. నాయనా, వరాహానికి నరసింహం ఏమీ కాదు. మీ తాత కోసిన కురుపందికి మాత్రం దుప్పి చుట్టం, సముద్రంలోని తిమింగలం చుట్టం, ఇంకా వెనక్కి పోతే నువ్వూ నేనూ చుట్టాలమే. మీ తాత దాని నోరు తెరిచి చూశాడు. ఆ రోజు నేను నా నోరు తెరవలేదు. తప్పు నాది.